మట్టి మిద్దె మీద ఫోన్ ఆట

“కరోనా కాలంలో ఆటల టీచరుకు ఏం పని మేడం, హాయిగా ఇంట్లో కూర్చునింటారు” అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పెళ్ళి భోజనాల దగ్గర అంటారు, పెనుకొండ బస్సులో పక్క సీటు దొరికితే అంటారు. అనేవాళ్ళ మొహంలో ఒక చిన్న నవ్వు ఉంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రిటైరైతే కోపం తగ్గుతుందని చాలామంది చెప్పారు. నాకు తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

హిందూపురంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేశాను. పిల్లలకు పీడీ మేడాన్ని. ఖోఖో కోర్టుకు సున్నంతో గీతలు గీయడం, టోర్నమెంటుకు పంపమని తండ్రులను బతిమాలడం, ఓడిపోయి ఏడుస్తున్న పిల్లలకు బస్టాండులో బోండాలు తినిపించడం, ఇదీ నా ఉద్యోగం. అయినా నీ ఉద్యోగంలో గట్టిగా చేసిన పని ఏదని నన్నడిగితే, గ్రౌండు గేటుకు తాళం పడిన రోజుల్లో చేసిందే చెప్తాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీరు చదవాలని రాస్తున్నాను. మీ ప్రిన్సిపాళ్ళు చదివినా నాకేమీ అభ్యంతరం లేదు.

మొదటి లాక్‌డౌన్ అందరికీ గడిచినట్టే నాకూ గడిచింది. భయంతో, టీవీ ముందు, చేతులు కడుక్కుంటూ. మధ్యలో కాలేజీ కొన్నాళ్ళు తెరిచారు. రెండో విడత వచ్చి మళ్ళీ మూసినప్పుడు అసలు కథ మొదలైంది. మిగతా లెక్చరర్లకు ఆన్‌లైన్ క్లాసులున్నాయి. నాకు లేవు. ప్రిన్సిపాల్ సారు ఫోన్ చేసి, “మేడం, మీరు ఎట్లాగూ ఖాళీనే కదా, క్లాసులకు రాని పిల్లలకు ఫోన్లు చేసి ఎందుకు రావడం లేదో కనుక్కోండి” అన్నారు. ఖాళీ అన్న మాట నాకు నచ్చలేదు. అయినా పిల్లలతో మాట్లాడొచ్చు కదా అని ఒప్పుకున్నాను.

మాట్లాడాక తెలిసింది. “ఏం చేస్తాండావు పాపా?” అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. “పడుకోనుండా మేడం.” పొద్దున చేసినా అదే, సాయంత్రం చేసినా అదే. ఇరవై ఏళ్ళ పిల్లలు. నా దగ్గర కబడ్డీ ఆడి అవతలి టీమును నేలకేసి కొట్టిన పిల్ల, మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చెప్పింది. మోకాళ్ళ నొప్పులన్నారు, రాత్రి నిద్ర పట్టడం లేదన్నారు, ఊరికే ఏడుపొస్తోందన్నారు. అవే ఇళ్ళలో అన్నదమ్ములు మాత్రం సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని రైలు పట్టాల వైపు పోయేవాళ్ళు. పోలీసులు తరిమితే ఇంకో సందులోకి పోయి ఆడేవాళ్ళు. మా జిల్లాలో లాక్‌డౌన్ పూర్తిగా అమలైంది ఆడపిల్లల మీదే.

అట్లాంటి రోజుల్లో బజారులో కిరాణా అంగడి వాళ్ళ అమ్మాయి నాకొక వీడియో పంపింది. వాళ్ళన్న కొనుక్కున్న ఆటల డబ్బా ఏదో టీవీకి తగిలించుకుని, దాని ముందు నిలబడి గాలిలోకి పిడిగుద్దులు గుద్దుతోంది. ఈమె చెయ్యి విసిరితే టీవీలో బొమ్మ పడిపోతోంది. నాకు మొదట చిరాకేసింది. గ్రౌండులో ఫోన్ కనిపిస్తే లాక్కుని నా బ్యాగులో పడేసుకునే మనిషిని నేను. టీవీ ముందు ఎగిరేది కూడా ఒక ఆటేనా అనుకున్నాను. అయితే వీడియో చివర ఆ పిల్ల కెమెరా వైపు తిరిగింది. మొహమంతా చెమట, జుట్టు నుదుటికి అంటుకుపోయింది, పకపకా నవ్వుతోంది. ఆ విడతలో నేను ఫోన్ చేసిన పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ వీడియో మళ్ళీ చూశాను.

మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే కుర్ర లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. ధర్మవరం వాడు, పట్టుచీరలు నేసే ఇంటి నుంచి వచ్చినవాడు, పరమ మొహమాటస్తుడు. ఆయనకు ఫోన్ చేసి, టీవీ డబ్బా అందరిళ్ళలో ఉండదు కదా, ఉత్త ఫోన్లో ఇట్లాంటి ఆట దొరుకుతుందా అని అడిగాను.

“ఉండాది మేడం. ఫోన్ గోడకు ఆనించి పెట్టి ఎడంగా నిలబడల్ల. కెమెరా మనల్ని సూస్తాది. మనమే తెరమింద కనపడతాం. పైనుంచి పండ్లు పడతాంటాయి, చేత్తో కొట్టల్ల. కింద కట్టెలొస్తాంటాయి, ఎగిరి దాటల్ల. అడ్డం వస్తే వంగల్ల.”

“నువ్వు ఆడినావా?”

“మా ఇంట్లో మగ్గం పోను నిలబడే జాగా లేదు మేడం” అన్నాడు దిగులుగా.

నేనే మా వంటింట్లో ఆడి చూశాను. గ్యాసు బండకు ఫోన్ ఆనించి మొదలుపెట్టాను. మొదట కాసేపు పండ్లను కొట్టాను, తర్వాత పండ్లే నన్ను కొట్టాయి. ఒక్క ఆట పూర్తయ్యేసరికి స్టవ్వు గట్టు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. జీవితమంతా పిల్లలకు ఈల వేసి పరిగెత్తించిన దాన్ని, ఫోన్ నన్ను పరిగెత్తించింది. అప్పుడే తీర్మానించుకున్నాను.

పిల్లల్ని మూడు టీములు చేశాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఎవరి ఇల్లు ఏ ఊరికి దగ్గరైతే వాళ్ళు ఆ టీము. రోజూ ఆడి, వచ్చిన మార్కులను ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. కుర్ర లెక్చరరే రూల్సు రాశాడు. అందులో ఒకటి, వీలైనవాళ్ళు మిద్దె ఎక్కి ఆడండి అని. మిద్దె మీద వెలుతురు బాగుంటుంది, కెమెరాకు మనిషి సరిగ్గా కనిపిస్తుంది, సిగ్నల్ అందుతుంది, ఎవరూ అడ్డం రారు. నేనూ బాగుందన్నాను. ఈ రూలు గుర్తుపెట్టుకోండి.

ఇక చూడండి. పడుకుని ఉన్న పిల్లలు లేచారు. మార్కుల దగ్గర తగవులు పడ్డారు. ధర్మవరం పిల్లలు ఇంట్లో మగ్గాల మధ్య జాగా లేక సందులో చాప పరుచుకుని ఆడారు. హిందూపురం పిల్లలు తొండి చేస్తున్నారని, ఇద్దరు నిలబడి ఒకరి పేరు పెడుతున్నారని పెనుకొండ వాళ్ళు ఫిర్యాదు చేశారు. విచారిస్తే నిజమే. ఆ తొండి చూసి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. తొండి చేస్తున్నారంటే ఆట మీద ఆశ పుట్టినట్టే కదా.

ఫోన్ ఆట గ్రౌండుకు సమానమని నేను ఎన్నడూ అనలేదు. మట్టిలో పడి మోచేయి గీరుకుపోతే వచ్చే ధైర్యం తెర ముందు రాదు. పక్కనున్న పిల్ల వీపు తట్టి ‘ఖో’ అనడంలో ఉండే నమ్మకం కూడా రాదు. అయితే గ్రౌండుకు తాళం వేసి, ఈ ఆట కూడా వద్దని చెప్పేవాళ్ళను చూస్తే మాత్రం నాకు మంట. ఊరికే ఎగిరే ఆడపిల్లను మనవాళ్ళు పిచ్చిదంటారు. ఆట ఆడుతోందంటే కొంచెం ఓర్చుకుంటారు. పిల్లలకు కావలసింది ఆ కొంచెమే. ఫోన్ వాళ్ళకు ఆ సాకు ఇచ్చింది.

వ్యతిరేకత కూడా వెంటనే వచ్చింది. “మేమే ఫోన్ గేములు మానిపించలేక సస్తాంటే, మీరు ఆడమని చెప్తారా?” అని తండ్రులు అడిగారు. స్టాఫు గ్రూపులో ఒక మహానుభావుడు నన్ను వీడియో గేముల డిపార్ట్‌మెంట్ హెడ్ అన్నాడు. దాని కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేను కూడా ఒకటి పెట్టాను, పళ్ళు కొరుకుతున్న బొమ్మ. “ఇంకొన్నాళ్ళలో రిటైర్మెంట్ పెట్టుకుని ఎందుకు మేడం ఈ తలనొప్పి” అని మంచి మనసుతో చెప్పినవాళ్ళూ ఉన్నారు. రిటైర్మెంట్ దగ్గరకొస్తే మనిషి మెత్తబడాలని ఎక్కడ రాసిపెట్టి ఉందో నాకు తెలియదు.

ఇట్లా జరుగుతుండగా ఒక రోజు ప్రిన్సిపాల్ సారు ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగా లేదు.

“మేడం, పెనుకొండ టీములో మీ ఖోఖో పిల్ల ఒకతి ఉంది కదా, వాళ్ళ నాయన ఇప్పుడే నాతో మాట్లాడినాడు. మీ ఆట వల్ల వాళ్ళ మిద్దె కురుస్తోందంట. విత్తనాల మూటలు తడిచినాయంట. పిల్లను ఇంక కాలేజీకి పంపనంటున్నాడు.”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. మిద్దె అంటే మా కుర్ర లెక్చరర్ మనసులో ఉన్నది సిమెంటు మిద్దె. ఆ పిల్లది పెనుకొండ దగ్గర పల్లె. అక్కడ ఇంకా మట్టి మిద్దెలున్నాయి. రాతి గోడలు, కట్టె దూలాలు, వాటిమీద అడ్డంగా పేర్చిన దంతెలనే సన్న కట్టెలు, ఆ పైన మందంగా పరిచిన చౌడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తెచ్చి పరుచుకుంటే తప్ప అవి నిలవవు. అట్లాంటి మిద్దె మీద మా ఖోఖో పిల్ల, మేడం చెప్పింది కదా అని, టీము ఓడిపోకూడదు కదా అని, రోజూ ఒకేచోట ఎగిరింది. చౌడు కదిలిపోయింది. వేసవి చివరి గాలివాన ఒకటి వచ్చి ఇంట్లోకి దిగింది. మడకశిర పక్క పల్లెలో మట్టి మిద్దె కింద పుట్టిన నాకే ఆ రూలు చదివినప్పుడు తట్టలేదు. పట్టణంలో స్లాబు కింద ఎక్కువ కాలం పడుకుంటే ఇట్లాగే అవుతుంది.

“మీరు ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పండి” అన్నారు ప్రిన్సిపాల్. “ఆటలు రద్దు చేసినామని కూడా చెప్పండి. గ్రూపు తీసేయండి. ఆ పిల్ల చదువు ఆగిందంటే బాధ్యత మీదే.”

“మిద్దె కురిస్తే మిద్దె బాగు చేయాలి గానీ, మూడు ఊళ్ళ పిల్లల ఆట ఆపడమేంది సార్?”

“మీ వీడ్కోలు సభ బాగా జరగాలని మీకు లేదా మేడం?”

నాకు నవ్వొచ్చింది. శాలువా చూపించి నన్ను బెదిరించిన మనిషి ఆయనొక్కడే.

నవ్వాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ పిల్లకు తల్లి లేదు. అవ్వ పెంచింది. తండ్రికి కాస్త చేను, కొన్ని గొర్రెలు. వాళ్ళ ఊరినుంచి డిగ్రీకి వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. కాలేజీ మానిపిస్తే మళ్ళీ చేరదు. మిగతా పిల్లల ఆట కోసం ఈ పిల్ల చదువును పణంగా పెట్టే హక్కు నాకు లేదు. ఈ పిల్ల చదువు కోసం అంతమందిని మళ్ళీ పడకల్లోకి పంపడానికీ మనసు రాలేదు. తండ్రికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. పిల్ల దగ్గరున్నది కూడా ఆ ఫోనే. ఇక పోవడం తప్ప దారి లేదు.

అప్పట్లో పొద్దున పూట మాత్రమే జనాన్ని తిరగనిచ్చేవాళ్ళు. తెల్లారగానే స్కూటీ తీసి పెనుకొండ చేరాను. కుర్ర లెక్చరర్ ధర్మవరం నుంచి బైకు మీద వచ్చి కొండ కింద నిలబడి ఉన్నాడు. మాస్కు మీద మాస్కు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కూడా ఏడ్చినట్టున్నాయి.

“తప్పు నాదే మేడం. రూలు రాసింది నేను.”

“మిద్దె అన్నావు, అంతే కదా. మనూళ్ళలో మిద్దెలు ఎన్ని రకాలో నీకెవరు చెప్పినారు? పద.”

పల్లెలో ఆ ఇల్లు అడిగితే జనం చేత్తో చూపించి దూరంగా జరిగారు. ఎందుకో అక్కడికి పోయాక తెలిసింది. తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెడకు తువ్వాలు. చెంపలు లోపలికి పోయాయి. ఆయనకు కరోనా వచ్చి తగ్గి కొన్ని వారాలైంది. ఊరు ఇంకా ఆ ఇంటి గడప తొక్కడం లేదు. ఇంటి ముందు బండెడు చౌడు కుప్పగా పోసి ఉంది. జ్వరం రాకముందు ఆయనే తోలుకున్నాడట. పరిచేలోపల పడకేశాడు. మోయడానికి కూలీలెవరూ ఆ ఇంటికి రామన్నారు.

మేము వీధిలోనే ఎడంగా నిలబడ్డాం.

“ఎవురమ్మా మీరు?”

“మీ పాప పీడీ మేడాన్ని.”

“ఓహో. మా మిద్దె మింద గంతులేపిచ్చిన యమ్మ నువ్వేనా? ఏమి, క్షమాపణ చెప్పను వచ్చినావా?”

“మిద్దె కురిసినందుకు నాకు బాధగా ఉందప్పా. అది బాగు చేయించే పోతాను. పాప ఆడినందుకు మాత్రం క్షమాపణ చెప్పను.”

తండ్రి లేవబోయి, దగ్గు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

“మిద్దె ఎట్లన్నా పోనీలేమ్మా” అన్నాడు దగ్గు ఆగాక. “తడిసిన ఇత్తనం శెనక్కాయలు ఎండబోసినాం, దక్కినాయి. ఈ ఊర్లో ఏమనుకుంటాండారో నీకు తెల్సునా? నేను లోపల జరంతో పడుంటే, నా బిడ్డ మిద్దెక్కి సిందులేస్తాండాదంట. నాయన సస్తాంటే కూతురు ఎగుర్తాండాదంట. నవ్వుతాండారు. ఆ మాట పడి నేను బతికి ఏం ఫలము?”

ఆ మాటకు జవాబు తలుపు వెనకనుంచి వచ్చింది. ఆ పిల్ల గడప దాటి బయటికొచ్చింది. నా వైపు చూడలేదు, తండ్రి వైపే చూసింది.

“నువ్వు దగ్గితే మిద్దె మిందికి ఇనపడేది నాయనా. దగ్గకుంటే ఇంకా భయమయ్యేది. నీ దగ్గరికి రావద్దంటిరి. అవ్వ ఒకతే లోపలికి పోతాండ్య. నేను ఆడ ఒక్కదాన్నే కూచోని, దగ్గుతాండావా లేదా అని ఇనుకుంటా ఎట్ల ఉండల్ల? ఆడితే ఆ కాసేపు ఇనపడకుండ్య. అందుకే ఆడినా. నవ్వేవాళ్ళు నవ్వనీ. వాళ్ళెవురన్నా వచ్చి నీకు గుక్కెడు నీళ్ళు ఇచ్చినారా?”

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట నేను ఎన్నడూ వినలేదు. కోర్టులో కూడా నోరెత్తదు, కాళ్ళతోనే మాట్లాడుతుంది. నాకు కళ్ళు తడిశాయి. మాస్కు ఉండబట్టి మొహం దాచుకోగలిగాను. గడపలో కూర్చున్న అవ్వ, “అదంతా నేను సూస్తానే ఉంటిని. నా నెత్తిన మన్ను రాల్తాంటే దులుపుకుంటా ఉంటిని గానీ దాన్ని దిగమని సెప్పలా” అంది. పైనుంచి మన్ను రాలుతోందంటే పిల్లకు ధైర్యంగా ఉన్నట్టు లెక్క వేసుకుందట ఆమె.

తండ్రి చౌడు కుప్ప వైపు చూశాడు. తర్వాత లేచి గంప అందుకున్నాడు. చౌడు నింపుకుని నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కాడు. అక్కడే ఆగిపోయాడు. ఆయాసంతో నిచ్చెన కొయ్యను కరుచుకున్నాడు. పిల్ల పోయి ఆయన నెత్తిమీద గంప దించుకుంది.

“నువ్వు కూచో నాయనా” అని తానే ఎక్కింది.

కుర్ర లెక్చరర్ పార పట్టి గంపలు నింపాడు. మొదటి గంప నింపేసరికే అరచేతులు ఎర్రబడ్డాయి. ఆపమంటే ఆపలేదు. నేను గంపను నిచ్చెన దాకా మోసి అందించాను. పిల్ల ఎక్కడం, కుమ్మరించడం, దిగడం. అవ్వ కింద నిలబడి నీళ్ళు ఎటు జారాలో, చౌడు ఎక్కడ మందంగా ఉండాలో కేకేసి చెప్పింది. పిల్ల ఒక్కతే పైకి పోతోంది. ఎండ ఎక్కుతున్నా ఆమె అడుగు తడబడలేదు. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి పీలుస్తూ, నేను గ్రౌండులో నేర్పినట్టే ఎక్కింది, దిగింది. ఇదంతా ఫోన్ ఆట వల్లే అని నేను ప్రమాణం చేయను. గొర్రెల వెంట గుట్టలెక్కి పెరిగిన పిల్ల. కానీ కాలేజీ మూసిన కొత్తలో ఇదే పిల్లకు ఫోన్ చేస్తే, బిందె ఎత్తితే కళ్ళు తిరుగుతాండాయని చెప్పింది. అది నేను విన్నదే.

తండ్రి అరుగు మీదనుంచి ఆమెనే చూస్తున్నాడు. చూసి చూసి, “ఏం పాపా, నీకు దమ్ము, ఆయాసం రాలేదా?” అన్నాడు.

“రాలేదు నాయనా.”

“నాకు రెండు మెట్లకే వచ్చె.”

“నీక్కూడా తగ్గుతాదిలే. నాతోపాటు ఆడుదువు.”

ఆయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా.

కుప్ప అయిపోయి, మేము కాళ్ళు చేతులు కడుక్కుంటుండగా నా ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్. నేను తీసి స్పీకరు పెట్టాను. చేతులు తడిగా ఉండి పెట్టాను అనుకోండి, కావాలనే పెట్టాను అనుకోండి.

“మేడం, ఆయనతో మాట్లాడినారా? క్షమాపణ చెప్పినారా? గ్రూపు తీసేసినారా?”

నేను నోరు తెరిచేలోపు తండ్రి చెయ్యి చాపాడు. ఫోన్ అరుగు మీద పెట్టి దూరంగా జరిగాను.

“సారూ, నేను పాప నాయనను మాట్లాడ్తాండా. ఈ యమ్మ క్షమాపణ చెప్పలా. చెప్పాల్సిన పనీ లేదు. మిద్దె నాది. దాన్ని తొక్కిన కాళ్ళు నా బిడ్డవి. నడుమ మీకేం బాధప్పా?”

“అది కాదయ్యా, మీరే కదా నిన్న...”

“నిన్న అన్న్యాను. ఈ పొద్దు అన్లేదు. కాలేజీ తెరిసినాక పాప వస్తాది. ఆట మాత్రం ఆపొద్దు. ఆపితే నేనే హిందూపురం వచ్చి మీ ఆఫీసు ముందర కూచుంటా. దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదు నాకు, సూసుకోండి.”

అటువైపు ఫోన్ పెట్టేశారు. దగ్గు తగ్గని మనిషి వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటానంటే ఆ రోజుల్లో కలెక్టరైనా దిగి వచ్చేవాడు. మా కుర్ర లెక్చరర్ మాస్కు లోపల నవ్వుతున్నాడని భుజాలు చూస్తే తెలిసింది.

గ్రూపు తీయలేదు. రూలు మాత్రం మార్చాం. కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభ జరగలేదు. కరోనా నిబంధనల వల్ల అని నోటీసు పెట్టారు. అదే నెలలో ఇంకొకరికి నిబంధనలు అడ్డం రాలేదు. నాకు శాలువాలు చాలానే ఉన్నాయి. హిందూపురం ఎండలకు అవి ఎట్లాగూ పనికిరావు.

మీలో ఎవరైనా ఆటల టీచరుగా చేరితే మీకు చెప్పేది ఒకటే. పిల్లలు కదలడానికి ఏది దొరికితే దాన్ని పట్టుకోండి. బంతి దొరికితే బంతి, తాడు దొరికితే తాడు, ఏమీ దొరకకుంటే ఫోన్. నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళను ఆపడం మన ఉద్యోగం కాదు.

ఆ రోజు మేము బయల్దేరబోతుండగా తండ్రి రొండిన దోపుకున్న ఫోన్ తీసి, నొక్కి వెలిగించి, పిల్ల చేతిలో పెట్టాడు. ఆమె అలవాటు కొద్దీ నిచ్చెన వైపు చూసింది.

“ఇంక మిద్దె మింద వద్దే తల్లీ” అంది అవ్వ. “మళ్ళా సౌడు మోసే ఓపిక ఎవురికీ లేదు. కళ్ళంలో ఆడుకో పో. గట్టిగా ఉంటాది.”

పంట నూర్చే కళ్ళం ఊరి నడి దారి పక్కనే. అప్పటికే దాని గోడ నీడలో నలుగురైదుగురు మగవాళ్ళు ఎడమెడంగా కూర్చుని మా వైపే చూస్తున్నారు. ఆ పిల్ల వాళ్ళను చూసి ఆగింది.

“ఆడ అందరూ సూస్తారు కదా నాయనా.”

“సూడనీ” అన్నాడు ఆయన. అని, తాను కూడా లేచి, గోడ పట్టుకుంటూ మెల్లగా ఆమె వెనకాలే నడిచాడు.

పిల్ల కళ్ళంలోకి పోయి ఫోన్‌ను ఒక రాయికి ఆనించింది. కొంగు లాగి నడుముకు బిగించినట్టు చున్నీ బిగించుకుంది. చౌడు అంటిన కాళ్ళతోనే ఎడంగా నిలబడి ఎగరడం మొదలుపెట్టింది. గోడ నీడలో కూర్చున్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఆమె ఆగలేదు.